సంకరం అనే మాట, చెరకు తోట చెప్పిన సంగతి



థర్‌స్టన్ ముక్కు కొలతల గురించి ఈ వారం రాస్తానని చెప్పాను. రాయడం లేదు. మధ్యలో ఒక ప్రశ్న వచ్చి పడింది. దాన్ని పక్కన పెట్టి ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు.

మా కాలేజీలో కొన్నేళ్ళ కిందట డిగ్రీ చదివిన అమ్మాయి ఒకతె సర్టిఫికెట్ కోసం వచ్చింది. చంకలో ఎనిమిది నెలల బిడ్డ. పెళ్ళి తనే చేసుకుంది, కులం బయట. ఎవరిది ఏ కులమో ఇక్కడ అవసరం లేదు, పేరు అసలే రాయను. ఆఫీసులో పని అయ్యేదాకా డిపార్టుమెంటులో నా ఎదురుగా కూర్చుంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, బిడ్డ చొక్కా గుండీ సర్దుతూ అడిగింది: "మేడమ్, మా అత్తోరి ఊర్లో ఈడిని సంకరం గుంటడు అంటన్నారు. బోటనీ వాళ్ళనడిగి చెప్పండి. సైన్సులో సంకరం మంచిదే గదా? సంకర విత్తనం బలంగా వస్తాది గదా?"

అవునమ్మా మంచిదే, అనేద్దామని నోటిదాకా వచ్చింది. కులాంతర వివాహాల సభల్లో మన వక్తలు చాలామంది చెప్పే మాట ఇదే. సంకర విత్తనంలా సంకర సంతానం కూడా చురుకైనదని. ఆ మాటకి నేనూ చప్పట్లు కొట్టిన దాన్నే. కానీ ఆ రోజు బిడ్డని ఎదురుగా పెట్టుకుని ఆ మాట అనలేకపోయాను. ఆలోచించి చెప్తానన్నాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

ముందు నాకు తెలిసిన చోటి నుంచి, అంటే మాటల నుంచి మొదలుపెడతాను.

తెలుగులో "జాతి" అంత బరువు మోసే మాట ఇంకోటి లేదు. సంస్కృతంలో దాని అర్థం పుట్టుక. ఛందస్సులో కందం, ద్విపద జాతి పద్యాలు. సీసం, ఆటవెలది, తేటగీతి ఉపజాతులు. గాంధీ జాతిపిత. ఖరీదైన కుక్క జాతి కుక్క. మా అమ్మమ్మని ఊళ్ళో పిలిచింది తక్కువ జాతిదని. ఇంటర్ జీవశాస్త్రం పుస్తకం తెరిస్తే పులి ఒక జాతి, సింహం ఒక జాతి, మనిషి ఒక జాతి. దాని కింద ఉపజాతి, పైన ప్రజాతి. శాస్త్రం పాఠ్యపుస్తకాల్ని తెలుగులోకి తెచ్చిన వాళ్ళు సంస్కృతం బీరువా తీసి, దొరికిన మాటల్ని దొరికినట్టు వాడేశారు. వాళ్ళకి దురుద్దేశం ఉందని నేననడం లేదు. కానీ ఒక పిల్లవాడు ఉదయం పదింటికి జువాలజీ క్లాసులో "రెండు వేరు వేరు జాతుల మధ్య సంపర్కం సాధారణంగా జరగదు" అని చదివి, సాయంత్రం ఊళ్ళో "జాతి తక్కువ దాన్ని చేసుకున్నాడు" అని వింటాడు. రెండు చోట్లా మాట ఒకటే. బుర్రలో ఆ రెండూ కలవకుండా ఉంటాయా?

"సంకరం" సంగతి ఇంకా విచిత్రం. అలంకార శాస్త్రంలో సంకరం ఒక అందం. ఒకే పద్యంలో రెండు అలంకారాలు నువ్వులూ బియ్యంలా విడివిడిగా కనపడితే సంసృష్టి, పాలూ నీళ్ళలా విడదీయరాకుండా కలిస్తే సంకరం. ఎం.ఏ.లో ఈ పాఠం చెప్పేటప్పుడు మా మాస్టారి గొంతులో మురిపెం ఇప్పటికీ గుర్తు. అదే మాట మనుస్మృతి పదో అధ్యాయానికి వెళ్ళేసరికి శాపం. ఏ వర్ణం మగవాడికీ ఏ వర్ణం ఆడదానికీ పుడితే ఏ కులమో అక్కడ ఒక పట్టిక ఉంది. బ్రాహ్మణ స్త్రీకి శూద్రుడి వల్ల పుట్టిన వాడు చండాలుడు, మనుషుల్లో అధముడు. అంటరాని వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారనే ప్రశ్నకి బ్రాహ్మణ శాస్త్రం ఇచ్చిన జవాబు ఇదే: సంకరం నుంచి. పద్యంలో పాలూ నీళ్ళూ కలిస్తే అలంకారం, మనుషులు కలిస్తే చండాలం. ఇరవయ్యో శతాబ్దంలో హైబ్రిడ్ అన్న ఇంగ్లిషు మాటకి తెలుగు కావలసి వచ్చినప్పుడు మన వాళ్ళు తీసుకున్నది ఈ మాటనే. సంకర విత్తనం, సంకర జాతి ఆవు, సంకరణం.

కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్న తెలివితక్కువది కాదు. ఒకే మాట పొలంలో పొగడ్త, ఇంట్లో తిట్టు ఎలా అయిందని అడిగింది.

ఇప్పుడు పొలంలోకి పోదాం. చోడవరంలో ఉంటూ చెరకు గురించి తెలియదంటే నవ్వుతారు. మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఏ జిల్లా అయినా గోవాడ ఫ్యాక్టరీ, చెరకు బళ్ళు, అనకాపల్లి బెల్లం మార్కెట్టే ఈ ప్రాంతం బతుకు. మా అమ్మ చెరకు కొట్టడానికి వెళ్ళేది. ఆకు కోసిన గీతలు ఆమె ముంజేతుల మీద నేను చిన్నప్పుడు లెక్కపెట్టేదాన్ని. ఆ తోటల గట్ల మీదా శారదా నది ఒడ్డునా వానలు వెనక్కి తగ్గాక తెల్లగా పూసే గడ్డి రెల్లు. దానికి ఎవరూ నీళ్ళు పెట్టరు, ఎరువు వెయ్యరు. పీకినా మళ్ళీ వస్తుంది. మా అమ్మమ్మ ఇంటి కప్పు ఆ గడ్డే. రెల్లి కులం పేరు విన్నప్పుడల్లా నాకు ఆ కప్పే గుర్తొస్తుంది.

చెరకూ రెల్లూ దగ్గరి చుట్టాలని నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. వృక్షశాస్త్రం లెక్కలో రెండూ ఒకే ప్రజాతి, శాకరమ్. ఇంకాస్త దూరం పోతే జొన్న, మొక్కజొన్న కూడా ఆ వంశంలోవే. ఒకే మూలపు గడ్డి నుంచి లక్షల ఏళ్ళ మీద కొమ్మలు కొమ్మలుగా విడిపోయినవి. లావుగా, రసంతో ఉండే చెరకుని మనుషులు మచ్చిక చేసుకున్నది న్యూగినీ ద్వీపంలో. రెల్లు మన దేశం అంతటా తనంత తాను పెరిగేది.

లావు చెరకుకి యూరోపియన్లు పెట్టిన పేరు చూడండి: "నోబుల్ కేన్". కులీన చెరకు అనుకోవచ్చు. రెల్లేమో అడవి గడ్డి. గడ్డిపరకల్లో కూడా అగ్రహారం, వెలివాడ!

కులీన చెరకుకి ఒక జబ్బుంది, తట్టుకోలేకపోవడం. 1890ల చివర గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు తోటలకి తోటల్ని తినేసింది. ఆ తెగులు సోకిన గెడ చీలిస్తే లోపల ఎర్రగా, మధ్య మధ్య తెల్ల మచ్చలతో, పులిసిన వాసన వస్తుంది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త సి.ఎ. బార్బర్ దాని వెనక పడ్డాడు. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన క్షేత్రం పెట్టారు. మన అనకాపల్లి క్షేత్రం 1913లో వచ్చింది. ఇక్కడ ఒక చిక్కుంది. చెరకుని మనం గింజ వేసి పెంచం, ముచ్చెలు పాతుతాం. ఒక తోటలోని గెడలన్నీ ఒకే మొక్కకి నకళ్ళు. ఒకదానికి తట్టుకునే శక్తి లేకపోతే దేనికీ ఉండదు. కొత్త గుణం రావాలంటే పువ్వు పూయాలి, పుప్పొడి ఇంకో మొక్క నుంచి రావాలి, గింజ కట్టాలి. చెరకుకి మొలిచే గింజే ఉండదని చాలాకాలం అనుకున్నారు. ఉంటుందని జావాలోనూ బార్బడోస్‌లోనూ గట్టిగా తేలింది 1880ల చివర.

చెరకు బాగా పూసి గింజ కట్టే చోటు కాబట్టి 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టారు. బార్బర్, ఆయనతో టి.ఎస్. వెంకటరామన్. వెల్లై అనే లావు చెరకు మీద కోయంబత్తూరు రెల్లు పుప్పొడి చల్లారు. పుట్టింది కో 205. 1918లో పంజాబు రైతుల చేతికి వెళ్ళింది. అడవి రెల్లునీ సాగు చెరకునీ కలిపి, రైతు పొలందాకా వెళ్ళిన మొదటి రకం అది. ఇవాళ మన గానుగలో నలిగే ప్రతి గెడలోనూ రెల్లు ఉంది. క్రోమోజోముల లెక్కలో అయిదో వంతుకి మించకపోవచ్చు గానీ, చెరకు ఎండకీ నీటి ఎద్దడికీ తెగుళ్ళకీ నిలబడడంలో పెద్ద పాలు దానిదే. నరికిన మోడు నుంచి కార్శి తోట మళ్ళీ లేవడంలో కూడా.

ఆ కలయిక లోపల జరిగింది ఇంకా వింత. మామూలుగా తల్లి తన క్రోమోజోముల్లో సగం ఇస్తుంది, తండ్రి సగం. కులీన చెరకుకి 80, కోయంబత్తూరు రెల్లుకి 64. కాబట్టి బిడ్డకి 40, 32 కలిసి 72 ఉండాలి. ఉన్నవి 112. అంటే తల్లి సగం కాదు, మొత్తం 80 ఇచ్చేసింది. ఈ అలవాటుని జావాలోని డచ్చి శాస్త్రవేత్తలు 1920లలో పట్టుకున్నారు. వాళ్ళు రెల్లుతో కలిపిన బిడ్డని మళ్ళీ మళ్ళీ కులీన చెరకుతోనే కలిపి తీపి పెంచేవారు. ఆ పనికి పెట్టుకున్న పేరు "నోబిలైజేషన్", కులీనపరచడం. బలం రెల్లుది, పేరు చెరకుది. అనకాపల్లి నుంచి వచ్చిన ఒక ప్రసిద్ధ రకం 87ఏ298. దానికి విశ్వామిత్ర అని పేరు పెట్టారు. క్షత్రియుడై పుట్టి బ్రహ్మర్షి కావడానికి అన్ని పాట్లు పడిన ఆయన పేరు ఒక సంకర చెరకుకి పెట్టిన వాళ్ళెవరో గానీ, తెలిసి పెట్టారో తెలియక పెట్టారో, నాకైతే నవ్వొచ్చింది.

మీలో కొందరికి ఇప్పటికే చెయ్యి దురద పెడుతూ ఉంటుంది. రెల్లు అంటే మనం, చెరకు అంటే వాళ్ళు, బలమంతా మనదే అని కామెంటు రాయడానికి. ఆగండి. ఆ పోలిక నాకూ తియ్యగానే ఉంది, అందుకే దాని మీద అనుమానం. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఈ లోగా ఒక మనిషి గురించి చెప్పాలి. చెరకు కథలో మన వాళ్ళు చదవాల్సిన పేరు ఇ.కె. జానకి అమ్మాళ్. 1897లో తలశ్శేరిలో, తియ్య కుటుంబంలో పుట్టింది. మలబారులో తియ్యలు అవర్ణులు. మద్రాసులో చదివి, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1931లో డాక్టరేటు తెచ్చుకుంది. 1934లో కోయంబత్తూరు చెరకు కేంద్రంలో చేరింది. చెరకుని మొక్కజొన్నతో, జొన్నతో, దర్భ జాతి గడ్డితో కలిపి, పుట్టిన వాటి క్రోమోజోముల్ని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టింది. రెల్లులోనే ఒక్కో ప్రాంతంలో ఒక్కో సంఖ్య, 40 నుంచి 128 దాకా ఉంటాయి. ఆ తేడాల్ని చదివి ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పాకిందో చెప్పవచ్చు. ఆ చదువు చదివిన వాళ్ళలో ఆమె ముందు వరసలో ఉంది. ఒంటరి ఆడమనిషి, అందులోనూ అవర్ణ. కోయంబత్తూరులో ఆమె ఎదుర్కొన్న కుల వివక్షనీ ఆడదన్న చిన్నచూపునీ చరిత్రకారులు రాశారు. 1939లో లండన్ వెళ్ళిపోయింది. 1945లో సి.డి. డార్లింగ్‌టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాసు వేసింది. తర్వాత తిరిగొచ్చి భారత వృక్షశాస్త్ర సర్వేలో పనిచేసింది. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1984లో పోయింది. గడ్డిపరకల కలయికని చదవడానికి కూర్చున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడానికి మనుషులకి ఇబ్బంది అయ్యింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె ఫోటో ఎంతమంది చూశారు?

సరే, కొత్త జాతి ఎలా పుడుతుంది? రెండు దారులు చెప్తాను. ఇంకా ఉన్నాయి, మన పనికి ఈ రెండు చాలు.

ఒకటి విడిపోవడం. తూర్పు కనుమలు ఒకే గోడ కాదు, తెగిన ముక్కలు. ఎత్తు కొండ మీది చల్లటి తేమ అడవిలో బతికే చిన్న జీవికి కింది మైదానం సముద్రంతో సమానం, దాటలేదు. 1877లో బెడ్డోమ్ అనే సైనికాధికారి జైపూరు కొండల నుంచి ఒక నేలబల్లిని వర్ణించాడు. తర్వాత నూట ముప్పై ఏళ్ళు దాన్ని చూశామన్న వాళ్ళు లేరు. ఈ శతాబ్దంలో ఒడిశాలోని దేవమాలి మీదా మన అరకు దారిలోని గాలికొండ మీదా మళ్ళీ దొరికింది. ఇలాంటి చోట్ల ఒక కొండ గుంపుకీ ఇంకో కొండ గుంపుకీ మధ్య రాకపోకలు వేల, లక్షల తరాలు ఆగిపోతే, రెండు వైపులా చిన్న చిన్న మార్పులు పోగుపడతాయి. ఏదో ఒక రోజు ఎదురుపడినా ఇక జత కట్టవు. కట్టినా పిల్లలు పుట్టరు, పుట్టినా గొడ్రాళ్ళవుతాయి. అప్పుడు అవి రెండు జాతులు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62. వాటికి పుట్టిన కంచరగాడిదకి 63, దానికి సంతానం ఉండదు. ఎక్కడో అరుదుగా తప్ప.

రెండోది కలవడం. మొక్కల్లో ఇది ఎక్కువ. మనం తినే వేరుశనగ అలా పుట్టిందే. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు, ఒక్కోదానికి 20 క్రోమోజోములు, కలిశాయి. పుట్టిన బిడ్డ గొడ్డుది కావలసింది. కానీ దాని క్రోమోజోములు రెట్టింపై 40 అయ్యాయి. ఒక్కసారిగా కొత్త జాతి, తల్లి వైపుతోనూ తండ్రి వైపుతోనూ కలవదు, తనలో తాను ఫలిస్తుంది. మనకి సంతల్లో దొరికే పల్లీ అంతా ఆ కలయిక సంతానం. మనువు లెక్కలో చండాలపు పప్పు.

ఇక్కడి నుంచి అసలు ప్రశ్న. కులాలు పెళ్ళి విషయంలో వేల ఏళ్ళుగా తలుపులు మూసుకున్నాయి కదా, అవి కూడా గాలికొండ బల్లుల్లా జాతులవుతున్నాయా? ఇది నేను కల్పించిన ప్రశ్న కాదు. కులాన్ని సమర్థించే వాళ్ళు వందేళ్ళ కిందటే దీన్ని తలకిందులు చేసి వాడారు: కులాలు రక్తం రీత్యానే వేరు, కాబట్టి కలపకూడదు, కలిపితే రెండూ చెడతాయి.

1936లో అంబేడ్కర్ దీనికి జవాబు రాశారు. లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ కోసం రాసిన ప్రసంగం. వాళ్ళు సభ రద్దు చేస్తే సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్న పుస్తకం. బోయి భీమన్న తెలుగులో "కుల నిర్మూలన" మనలో చాలామంది చదివాం. కానీ రక్తశుద్ధి గురించిన ఆ భాగాన్ని ఎంత నెమ్మదిగా చదివాం? నేను మొన్న మళ్ళీ చదివి ఆగిపోయాను. ఆయన వాదన నా మాటల్లో ఇది. మనిషీ జంతువూ వేరు వేరు జాతులు, సరే. కానీ రక్తశుద్ధిని నమ్మే శాస్త్రవేత్తలు కూడా మనుషుల్లోని రకాల్ని వేరు వేరు జాతులనరు. ఒకే జాతిలోని తేడాలంటారు. వాళ్ళ మధ్య సంతానం కలుగుతుంది, ఆ సంతానం గొడ్రాలు కాదు, దానికీ పిల్లలు పుడతారు. అలాంటప్పుడు కులాల మధ్య పెళ్ళిని ఏ శాస్త్రం పేరుతో ఆపుతారు? పంజాబు బ్రాహ్మణుడికీ మద్రాసు బ్రాహ్మణుడికీ రక్తంలో పోలికేముంది, పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే రక్తం కదా అని కూడా అడిగారు.

సంతానం కలిగి, ఆ సంతానానికి సంతానం కలిగితే ఒకే జాతి. ఈ కొలత బఫన్ కాలం నుంచి, అంటే 18వ శతాబ్దం నుంచి ఉన్నదే. జీవశాస్త్రంలో దాన్ని స్థిరపరిచిన పుస్తకాలు డాబ్‌జాన్‌స్కీది 1937లో, ఎర్న్‌స్ట్ మేయర్‌ది 1942లో వచ్చాయి. కొలంబియాలో అర్థశాస్త్రం చదివిన మన మనిషి 1936లో కులం మీద రాస్తూ ఆ కొలతనే తీశారు. ఆయన్ని జీవశాస్త్రవేత్త అని నేను గొప్ప చెప్పడం లేదు. కులాన్ని కొట్టాలంటే ఏ మాట మీద కొట్టాలో ఆయనకి తెలుసు, "జాతి" మీద.

ఇరవై ఏళ్ళ ముందే, 1916 మే 9న కొలంబియాలో చదివిన పత్రంలో కులానికి ప్రాణం ఎక్కడుందో చెప్పేశారు. సొంత గుంపులోనే పెళ్ళి అన్న నియమంలో. ఆ నియమం దానంతట అది నిలవదు. భర్త పోయిన ఆడది, భార్య పోయిన మగాడు మిగిలిపోతే గుంపు బయటికి చూస్తారు. అందుకే సతి, అందుకే వితంతువుకి పెళ్ళి లేకపోవడం, అందుకే బాల్యవివాహం. ప్రకృతి వేసిన గోడకి కావలి అక్కర్లేదు. గాలికొండ మీది బల్లిని కింది బల్లితో కలవకుండా ఏ కులపెద్దా కాపలా కాయడం లేదు. మన గోడకి మాత్రం రోజూ కావలి కావాలి. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఆసుపత్రి గుమ్మం ముందు ప్రణయ్‌ని నరికింది ఆ కావలే. కలిస్తే పిల్లలు పుట్టరన్న భయంతో చంపరు. పుడతారన్న భయంతోనే చంపుతారు.

మన జిల్లా రక్తం కూడా ఈ చర్చలో ఉందని ఎంతమందికి తెలుసు? మైఖేల్ బామ్‌షాద్, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు, ఆంధ్రా యూనివర్సిటీ మానవశాస్త్రం వాళ్ళతో కలిసి విశాఖ జిల్లాలో రక్తం సేకరించారు. 1998లో ఒక పత్రం, 2001లో ఇంకోటి. రెండోదానికి ఎనిమిది కులాల నుంచి సుమారు 265 మంది మగవాళ్ళు. పై కులం నుంచి మాల, మాదిగ, రెల్లి దాకా. మొదటి పత్రం చెప్పింది ఇది: తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్‌ఏలో కులాల మధ్య దూరం వాళ్ళ మెట్ల దూరాన్ని బట్టి ఉంది, తండ్రి వైపు డీఎన్‌ఏలో ఆ వరస లేదు. అంటే ఆడవాళ్ళు ఒక మెట్టు నుంచి పై మెట్టుకి కొద్ది కొద్దిగా కదిలారు, మగవాళ్ళు కదల్లేదు. "కదిలారు" అన్న ఆ చల్లటి శాస్త్ర పదం వెనక ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని బలవంతాలు ఉన్నాయో ఏ పరీక్షా చెప్పదు. మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు చెప్తారు.

2001 పత్రం వచ్చాక పేపర్లు ఎగిరి గంతేశాయి: పై కులాలు యూరప్ వాళ్ళకి దగ్గరట అని. దాన్ని చూసి అగ్రకులాల వాళ్ళూ మురిశారు, మనలో కొందరూ మురిశారు, వాళ్ళు బయటి వాళ్ళని రుజువైందని. మన మురిపెం నాకు అప్పటి నుంచీ మింగుడు పడలేదు. అది మనువు పట్టికని తిరగేసి పట్టుకోవడమే. ఆ పత్రం చూపింది పాళ్ళ తేడా, గోడ కాదు. అదే డీఎన్‌ఏ తునకలు అన్ని కులాల్లోనూ ఉన్నాయి, కొన్నిట్లో కొంచెం ఎక్కువ, కొన్నిట్లో కొంచెం తక్కువ.

2009లో హైదరాబాద్ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి 25 గుంపుల్ని చూశారు. మాల, మాదిగ, వైశ్య, చెంచు అందరూ అందులో ఉన్నారు. దేశంలోని చాలా గుంపులు రెండు పాత జనాల కలయికే అని తేలింది. ఉత్తరపు పాలు 39 నుంచి 71 శాతం దాకా, కానీ సున్నా ఎవరికీ కాదు, వంద ఎవరికీ కాదు. 2013లో అదే బృందం ఆ కలయిక ఎప్పుడు జరిగిందో లెక్క కట్టింది. సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా. దూరంగా బతికే గుంపుల్లో కూడా ఆ కలయిక కనపడుతుంది. తర్వాత ఆగింది. తలుపులు మూసుకున్నాయి.

ఇది మన చరిత్రలో పెద్ద సంగతి. మూసినవాళ్ళూ మూయబడ్డవాళ్ళూ అప్పటికే కలిసిపోయిన వాళ్ళు. మనువు భాషలో చెప్పాలంటే పట్టిక రాసిన వాడూ సంకరమే, పట్టికలో కింద పడ్డవాడూ సంకరమే. ఆ మూత పడి డెబ్బై తరాలు. నియాండర్తల్ మనుషులు మన వంశం నుంచి విడిపోయి లక్షల ఏళ్ళు గడిచాక కూడా, మన పూర్వీకులు వాళ్ళతో పిల్లల్ని కన్నారు. ఆఫ్రికా బయట ప్రతి మనిషిలో సుమారు 2 శాతం వాళ్ళది ఇప్పటికీ ఉంది. డెబ్బై తరాల గోడతో మనుషులు రెండు జాతులవుతారా!

గోడ వల్ల నష్టం లేదని కాదు. చిన్న గుంపులో అటూ ఇటూ పెళ్ళి చేసుకుంటే దాగి ఉన్న జబ్బు రెండు వైపుల నుంచీ వచ్చి బయటపడుతుంది. ఆంధ్ర వైశ్యుల్లో కొందరికి మత్తు డాక్టర్లు వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఒంట్లో విరగదు, ఆపరేషన్ తర్వాత ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. మేనరికాల మీద 1960లలో మన రాష్ట్రంలో లెక్కలు తీసింది ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్. ద్రోణంరాజు గురువు జె.బి.ఎస్. హాల్డేన్. వేరు జాతుల సంకరంలో ఏ లింగం గొడ్డుదవుతుందో 1922లో సూత్రం చెప్పిన వాడు, మన దేశానికి వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కులం బయట పెళ్ళి చేసుకుంటే ఇలాంటి జబ్బుల అవకాశం తగ్గుతుంది, అంతవరకు నిజం. కానీ అది గోడ కట్టినందుకు పడిన జరిమానా తగ్గడం. రెండు జాతులు కలిసి కొత్త బలం పుట్టడం కాదు.

రెల్లు పోలిక దగ్గర ఆగమన్నది అందుకే. రెల్లూ చెరకూ నిజంగా రెండు జాతులు. వాటిని కలపడానికి ఒక కేంద్రం, ఒక బార్బర్, పుప్పొడి పట్టే చేతులు కావలసి వచ్చాయి. మాల అబ్బాయీ కాపు అమ్మాయీ రెండు జాతులు కాదు. వాళ్ళ బిడ్డ సంకరం కాదు, మంచి సంకరమూ కాదు, చెడ్డ సంకరమూ కాదు. "సంకరం మంచిదే" అన్న రోజున, ముందు రెండు జాతులున్నాయని ఒప్పుకున్నట్టే. మనువు పట్టికకి మనమే కిందన సంతకం పెట్టినట్టు. సభల్లో చెప్పే మిత్రులు కోప్పడినా సరే, ఆ మాట ఆపండి.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది. "ఇంత పొడుగు మాట మా అత్తకి చెప్పలేను మేడమ్" అంది. చిన్నగా చెప్పమంది. కంచరగాడిదకి పిల్లలు పుట్టవు, నీ కొడుక్కి పుడతారు, అదే తేడా అన్నాను. వెనకాల బిడ్డ ఏడుస్తున్నాడు. "అయితే ఇరవై ఏళ్ళు ఆగమని చెప్తాను ముసల్దాన్ని" అని నవ్వి ఫోన్ పెట్టేసింది.

థర్‌స్టన్ ముక్కు కొలతలు వచ్చే ఆదివారం. మద్రాసు మ్యూజియంలో కొలబద్ద పట్టుకుని ఆయన ఎవరెవరిని నిలబెట్టాడో, ఆ కొలతల్ని 1948లో అంబేడ్కర్ ఎలా ఎదురు తిప్పారో రాస్తాను. చదివిన వాళ్ళు మీ ఊళ్ళో "జాతి" మాట ఇంకా ఏ ఏ అర్థాల్లో వాడతారో కింద రాయండి, పోగు చేస్తున్నాను.

జై భీమ్.